పరిశోధన పత్రాల వయసు – 3వ పాఠం: అర్ధాయువును చేత్తో లెక్కగట్టడం

కిందటి పాఠంలో ఒక జర్నల్ ఎంచుకుని, ఏడాది సంచికల్లోని రిఫరెన్సులన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాం. ఇప్పుడు వాటిలో సగం ఎన్నేళ్ల లోపువో తేల్చాలి. అదే అర్ధాయువు.

2023 సంచికల్లో మొత్తం 200 రిఫరెన్సులు ఉన్నాయనుకుందాం. కొత్తవాటి నుంచి వెనక్కి కూడుతూ పోండి: 2023వి 8, 2022వి 22, 2021వి 26, 2020వి 20, 2019వి 16. ఐదేళ్లకు 92 అయ్యాయి. సగానికి, అంటే 100కి, ఇంకా 8 కావాలి. 2018వి 12 ఉన్నాయి. 8ని 12తో భాగిస్తే 0.67. దాన్ని ఐదేళ్లకు కలిపితే అర్ధాయువు 5.7 ఏళ్లు. ఇందులో 2023ను ఒకటో ఏడాదిగా పట్టాం. సున్నాగా పడితే ఇదే జర్నల్‌కు 4.7 వస్తుంది. ఇంకొకరి అంకెతో పోల్చేముందు వాళ్లు ఎలా పట్టారో తప్పకుండా చూడండి.

లెక్క తేలికే, చెడేది డేటా దగ్గర. ఒక అంశంపై వచ్చిన పత్రాలన్నిటినీ కలిపి చర్చించే సమీక్షా వ్యాసం ఒక్కటే వందల రిఫరెన్సులు తెచ్చి మిగతావాటిని ముంచేస్తుంది. దాన్ని విడిగా పెట్టండి. పునర్ముద్రణలు ఇంకా ప్రమాదం. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852 నాటిది. వ్యాసకర్త కొత్త ముద్రణ సంవత్సరం వేస్తే 170 ఏళ్ల పుస్తకం కుర్రదైపోతుంది. మొదటి ముద్రణ ఏడాదే రాసుకోండి. చరిత్ర జర్నళ్లలో శాసనాలు, దస్తావేజులు కూడా రిఫరెన్సుల్లో ఉంటాయి. అవి ఆధారాలు, పరిశోధన సాహిత్యం కాదు; తీసేయండి.

శాస్త్ర పత్రాల అర్ధాయువును కొలిచిన బర్టన్, కెబ్లర్ 1960లో ఇచ్చిన అంకెలు భౌతికశాస్త్రానికి 4.6, రసాయనశాస్త్రానికి 8.1, గణితానికి 10.5, భూగర్భశాస్త్రానికి 11.8 ఏళ్లు. ఇవి ఈనాటి కొలతలు కావు, తేడా ఎంత ఉండగలదో చూడటానికే. ఒకసారి నిలిచిన గణిత నిరూపణ ఏళ్లు గడిచినా చెల్లుతుంది. ఫలానా వాగు ఒడ్డున రాతిపొరల వర్ణన కూడా అంతే, ఆ ఒడ్డు ఇప్పుడు కోసుకుపోయి ఉంటే పాత పత్రమే దిక్కు.

అర్ధాయువు తక్కువైతే ఆ పత్రాలు పనికిరావని మాత్రం అనుకోకండి. ద్రవ్యరాశి–శక్తి సమీకరణం వాడినవాళ్లు 1905 నాటి ఐన్‌స్టీన్ పత్రాన్ని ఉటంకించరు. అది పాఠ్యపుస్తకంలో కలిసిపోయింది. పైగా ఏటేటా పత్రాలు పెరిగే రంగంలో కొత్తవే ఎక్కువ దొరుకుతాయి కాబట్టి, పాతవి ఏమాత్రం చెడకపోయినా అర్ధాయువు తగ్గుతుంది. ఈ పెరుగుదలను సరిచేయడం వచ్చే పాఠంలో. ఈలోగా ఒక గణిత జర్నల్, ఒక కంప్యూటర్ సైన్స్ జర్నల్ తీసుకుని, ఒకే ఏడాదికి రెండింటి అర్ధాయువూ కట్టి ఉంచండి.