నగకి ఏ లోహం తీసుకోవాలో రంగు చూసి డిసైడ్ అవ్వకండి

నగ కొనేటప్పుడు చాలామంది ముందు రంగు చూస్తారు, తర్వాత డిజైన్, తర్వాత రేటు, లోహం సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. నేనైతే దీన్ని తిరగేసి చెప్తాను. అది ఒంటి మీద ఎక్కడ ఉంటుంది, రోజూ పెట్టుకుంటారా ఎప్పుడైనా ఒకసారా, మీ చర్మానికి దేనివల్లైనా దురద వస్తుందా, ఈ మూడూ ముందు తేల్చుకోండి, సగం లోహాలు వాటంతటవే పక్కకి పోతాయి.

ఉంగరం, గాజులు రోజంతా దేనికో ఒకదానికి తగులుతూనే ఉంటాయి కాబట్టి వాటికి గట్టిదనం కావాలి. కమ్మలకి అంత దెబ్బలు తగలవు గానీ వాటి కాడ చర్మంలోంచి దూరి ఉంటుంది, అక్కడ ఎలర్జీ రాకపోవడమే అన్నిటికన్నా ముఖ్యం.

బంగారంలో 24 క్యారెట్ అంటే దాదాపు స్వచ్ఛం, కానీ మరీ మెత్తన, రోజువారీ నగకి పనికిరాదు, ఇట్టే వంగిపోతుంది. 22 క్యారెట్‌లో 91.6 శాతం, 18లో 75 శాతం, 14లో 58.5 శాతం బంగారం ఉంటుంది, మిగతాది రాగి, వెండి, జింక్ లాంటివి. మామూలుగా క్యారెట్ తగ్గేకొద్దీ నగ గట్టిపడుతుంది, రంగు మాత్రం కాస్త పాలిపోతుంది. రాళ్లు లేని గొలుసుకి 22 చక్కగా సరిపోతుంది. రాళ్లు పొదిగిన ఉంగరానికి మాత్రం 18కే వెళ్లండి, ఎందుకంటే రాయిని పట్టుకునే ఆ చిన్న కొక్కేలు మెత్తగా ఉంటే మెల్లగా తెరుచుకుని ఒకరోజు రాయి ఊడిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. రోజ్ గోల్డ్‌కి ఆ గులాబీ రంగు రాగి వల్లే వస్తుంది, అది పూత కాదు కాబట్టి పోదు.

వైట్ గోల్డ్ విషయంలో మాత్రం జాగ్రత్త. బంగారం తెల్లగా ఎక్కడా దొరకదు, పల్లాడియమో నికెలో కలిపి తెల్లబరుస్తారు, పైన చాలావాటికి రోడియం అనే తెల్లటి లోహం పూత వేస్తారు, ఆ పూత అరిగాక కింద లేత పసుపు బయటపడుతుంది. ఉంగరానికి ఇది తొందరగా జరుగుతుంది, మళ్లీ పూత వేయించుకోవచ్చు గానీ ఆ ఖర్చు వస్తూనే ఉంటుందని తెలిసే కొనండి. కలిపింది నికెలా పల్లాడియమా అని తప్పకుండా అడగండి.

ఎందుకంటే నగల వల్ల వచ్చే ఎలర్జీల్లో ఎక్కువ శాతం నికెల్ వల్లే. దురద, ఎర్రదనం, ఒక్కోసారి నీటి పొక్కులు. ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, అందుకే కొత్తగా చెవులు కుట్టించిన పిల్లలకి ఏదో ఒకటిలే అని చౌక కమ్మలు పెట్టొద్దని గట్టిగా చెప్తాను. టైటానియం, నియోబియం, లేదంటే నికెల్ కలపని బంగారం పెట్టండి. 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది కానీ చాలా తక్కువ బయటికి వదులుతుంది, చాలామందికి ఏమీ కాదు, ఇప్పటికే ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండటం మంచిది. అనుమానంగా ఉంటే నికెల్‌ని పట్టిచ్చే డైమిథైల్‌గ్లయాక్సిమ్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, దూదికి రెండు చుక్కలు వేసి నగ మీద రుద్దితే దూది గులాబీ రంగుకి మారిందంటే నికెల్ వదులుతున్నట్టే. ఇత్తడి, రాగి నగలకి చర్మం ఆకుపచ్చగా మారడం వేరే సంగతి, అది చెమటతో రాగి కలిసి వచ్చే రంగు, సబ్బుతో కడిగితే పోతుంది.

వెండి నగల్లో ఎక్కువగా వాడేది 925, అంటే 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. నల్లబడితే నకిలీ అనుకుంటారు, కాదు, గాలిలో ఉన్న సల్ఫర్ వల్ల అసలు వెండే నల్లబడుతుంది. గాలి తగలని కవర్లో దాచండి, రబ్బరు బ్యాండ్ మాత్రం చుట్టొద్దు, అందులోనూ సల్ఫర్ ఉంటుంది. కమ్మలకి, లాకెట్లకి వెండి బాగుంటుంది, రోజూ పెట్టుకునే సన్నటి ఉంగరానికి మెత్తన అయిపోతుంది.

బడ్జెట్ ఉండి తెల్లటి లోహమే కావాలంటే ప్లాటినం. దాని తెలుపు సొంతది, పూత అక్కర్లేదు. గీతలు పడతాయి, కానీ గీత పడ్డచోట లోహం పక్కకి జరుగుతుందే తప్ప పెద్దగా రాలిపోదు, అందుకే రాళ్లని ఏళ్ల తరబడి పట్టుకుంటుంది. బరువు మాత్రం బంగారం కన్నా ఎక్కువ, ఒకసారి వేలికి పెట్టి చూసుకోండి.

టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరానికి గీతలు దాదాపు పడవు, కానీ గట్టి నేల మీద పడితే పగిలిపోవచ్చు, సైజు అస్సలు మార్చలేరు. టైటానియం చాలా తేలిక, దానికీ సైజు మార్చడం కష్టమే. వేలు లావెక్కే అవకాశం ఉంటే ఈ రెండూ ఆలోచించి తీసుకోండి.

పూత నగలకైతే మందం ఎన్ని మైక్రాన్లు అని అడగండి, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. ఒక మైక్రాన్ కన్నా తక్కువుంటే ఉంగరాలకి వద్దు, ఎప్పుడో పెట్టుకునే కమ్మలకైతే పర్లేదు. అన్నట్టు స్విమ్మింగ్ పూల్‌లోకి దిగేముందు ఏ నగైనా తీసెయ్యండి, క్లోరిన్ వెండిని నల్లబరుస్తుంది, బంగారంలో కలిపిన లోహాల్ని, ముఖ్యంగా నికెల్ కలిపిన వైట్ గోల్డ్‌ని, మెల్లగా తినేస్తుంది.