పెద్ద పంపు బిగించినా ప్రెషర్ రావడం లేదా? 24 వాల్వుల కమిన్స్ రామ్‌లో లోపం పట్టడం ఇలా

1998 మధ్య నుంచి 2002 వరకు అమెరికాలో అమ్మిన డాడ్జ్ రామ్ 2500, 3500 పికప్‌లలో 5.9 లీటర్ల, 24 వాల్వుల కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. సిలిండర్లలోకి డీజిల్ కొట్టే దాని ఇంజెక్షన్ పంపు బాష్ తయారుచేసిన వీపీ44. ఈ పంపు లోపలి భాగాలను తడిపేదీ, చల్లబరిచేదీ దాని గుండా పోయే డీజిలే. సరఫరా పలచబడితే లోపల అరుగుదల మొదలవుతుంది. ట్యాంకు నుంచి వీపీ44కి డీజిల్ తోసే, కంపెనీ అమర్చిన చిన్న లిఫ్ట్ పంపును నమ్మలేక యజమానులు ఫ్రేముకు పెద్ద పంపు బిగిస్తారు. కొందరు పాతదాన్ని ఉంచి, దాని వెనక మరొకటి వరుసలో పెడతారు. ఇంత ఖర్చు పెట్టాక కూడా ప్రెషర్ గేజీ ముల్లు 7, 8 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గరే ఊగుతుంటే ఒళ్లు మండుతుంది. కానీ కొత్త పంపును తిట్టుకుంటూ ఇంకో పంపు తెప్పించడం దండగ. పంపు సాధారణంగా బాగానే ఉంటుంది. దానికి డీజిల్ అందడం లేదు, కరెంటు అందడం లేదు, లేదా అది తోసినదంతా మరో దారిన పోతోంది.

ముందు గుర్తుంచుకోవలసిన అంకెలు. ఇంజిన్ నడుస్తుండగా వీపీ44 ముందర 10 పీఎస్‌ఐ కంటే తగ్గకూడదు. ఆ పంపు నుంచి ట్యాంకుకు తిరిగి పోయే దారిలో ఉన్న ఓవర్‌ఫ్లో వాల్వు సుమారు 14 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకుంటుంది. కాబట్టి పెద్ద పంపు పెట్టాక 15 పైన నిలబడితే సరి. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా 10కి పైనే ఉండాలి. 5కి పడితే బండి పక్కకు తీసి ఆపడం మంచిది. 2003 మోడల్ నుంచి కామన్ రైల్ అనే వేరే ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది, ఈ అంకెలు దానికి వర్తించవు.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు మాత్రమే ప్రెషర్ తగ్గడం లోపం కాదు. ఆ కాసేపు ఇంజిన్ కంప్యూటరే పంపుకు కరెంటు తగ్గించి ఇస్తుంది.

మొదట గేజీ

గేజీ ఎక్కడి నుంచి కొలుస్తోందో చూడండి. ఫిల్టర్‌కు ముందు తీసిన కనెక్షన్ అయితే అది చూపే అంకె పంపుది, వీపీ44 చూసే అంకె వేరు. ఫిల్టర్ మూసుకుపోయి ఇంజిన్ ఊపిరాడక కొట్టుకుంటున్నా గేజీ హాయిగా 17 చూపిస్తుంది. ఫిల్టర్ దాటాక, వీపీ44 లోపలికి పోయే చోట కొలవాలి. వీపీ44 తన దెబ్బలను పైపులోకి వెనక్కి తన్నుతుంది కాబట్టి మధ్యలో నీడిల్ వాల్వు పెట్టి సగానికి పైగా మూస్తే ముల్లు వణకడం తగ్గుతుంది. వాల్వు లేకుండా నేరుగా బిగించిన ఎలక్ట్రిక్ సెన్సర్లు ఆ దెబ్బలకే పాడవుతాయి. పాడైన సెన్సర్ తక్కువ చూపించడం మామూలే. అనుమానముంటే మామూలు మెకానికల్ గేజీ ఒకటి బానెట్ కింద తాత్కాలికంగా తగిలించి పోల్చండి. మిగతా పరీక్షలన్నీ దీని తర్వాతే.

లక్షణం: ఐడిలింగ్‌లో 16, యాక్సిలరేటర్ తొక్కితే 6

ఇది డీజిల్ అందకపోవడం. ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో దారి ఇరుకుగా ఉంది. పెద్ద పంపు కొని, ట్యాంకులో కంపెనీ ఇచ్చిన సన్న గొట్టాన్ని అలాగే వదిలేయడం దీనికి మొదటి కారణం. సన్న స్ట్రాతో కొబ్బరిబొండం ఎంత గట్టిగా పీల్చినా వచ్చేది అంతే కదా. ట్యాంకులోని పాత వడపోత జల్లెడ, పైపు వంగి నలిగిన చోటు, పంపుకు ముందున్న నీటి ఫిల్టర్ కూడా ఇదే పని చేస్తాయి.

ఏది దోషో తేల్చడానికి నాకు నమ్మకమైన పరీక్ష ఒకటుంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపు లోపలికి పోయే చోట కంపెనీ పైపు ఊడదీసి, దాని స్థానంలో లావుపాటి పొట్టి గొట్టం తగిలించి డబ్బాలో ముంచండి. పంపు తన మిగులు డీజిల్‌ను ట్యాంకుకు పంపే రకమైతే ఆ రిటర్ను గొట్టాన్ని కూడా డబ్బాలోకి మళ్లించాలి, లేకపోతే డబ్బా చూస్తుండగానే ఖాళీ అయి లోపలికి గాలి పోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదలకుండా రేజు చేయండి. నిలబెట్టి రేజు చేయడం బరువు లాగడంతో సమానం కాదు, అయినా గొట్టం మార్చక ముందు, మార్చాక వచ్చిన అంకెల తేడా చాలు. డబ్బాతో ప్రెషర్ నిలబడితే లోపం ట్యాంకు వైపు. నిలబడకపోతే ట్యాంకు దించే శ్రమ మీకు తప్పింది, పంపు తర్వాతి భాగం చూడండి. పంపు పీల్చే వైపు వ్యాక్యూమ్ గేజీ పెట్టినా ఇదే తేలుతుంది: యాక్సిలరేటర్ తొక్కగానే వ్యాక్యూమ్ ఎగబాకితే దారి ఇరుకు.

సరిచేయడం: ట్యాంకులో అర అంగుళం గొట్టం, పంపు దాకా అదే సైజు పైపు. పంపు తర్వాత కూడా బాంజో బోల్టులు చూడాలి. వాటి నడుమ ఉండే చిన్న రంధ్రాల గుండా మొత్తం డీజిల్ పోవాలి, పోదు. వాటికి బదులు నిండు దారి ఉన్న ఫిట్టింగులు పెడితే ఇంజిన్ బరువు లాగేటప్పుడు ప్రెషర్ పడే తీరు కళ్లకు కట్టినట్టు మారుతుంది.

రెండు పంపులు వరుసలో ఉన్నవాళ్లకు ఒక మాట. ముందరి పాత పంపు ఆగిపోతే వెనక పంపు దాని గుండానే తోయాలి, అంటే చచ్చిన పంపు అడ్డుగోడ అవుతుంది. పాతదాన్ని తీసేసి నేరుగా పైపు వేయడమే నా సలహా. రెండుంటే మేలని వినడానికి బాగుంటుంది గానీ, రెట్టింపయ్యేది చెడిపోయే అవకాశమే.

లక్షణం: అన్ని వేళలా తక్కువే, బరువుతో సంబంధం లేదు

ఇక్కడ కరెంటు చూడండి. పంపు నడుస్తుండగా దాని కనెక్టర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టాలి. ఊడదీసిన కనెక్టర్‌లో పూర్తి వోల్టులు కనిపిస్తాయి, అందులో అర్థం లేదు. బ్యాటరీ దగ్గర 12.5, పంపు దగ్గర 10.8 ఉంటే పంపు పూర్తి బలంతో తిరగడం లేదన్నమాట. తేడా అర వోల్టు దాటకూడదు. ప్లస్ తీగ, ఎర్త్ తీగ విడివిడిగా కొలవండి. ఎర్త్‌ను పెయింట్ వేసిన ఫ్రేముకు బోల్టుతో బిగించి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. తాళం తిప్పి సెల్ఫ్ ఒక్క క్షణం కొట్టి వదిలేస్తే పంపు సుమారు 25 సెకన్లు తిరుగుతుంది. కొలతకు ఆ సమయం సరిపోతుంది.

పెద్ద పంపుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేల ద్వారా నేరుగా కరెంటు రావాలి. కంపెనీ తీగ రిలేను పనిచేయించడానికే. ఆ సన్న తీగతోనే పెద్ద పంపును నడిపితే ప్రెషర్ మాట పక్కన పెట్టండి, కంప్యూటర్‌కే ముప్పు.

కరెంటు సరిగా ఉంటే పంపులో ప్రెషర్‌ను అదుపుచేసే రెగ్యులేటర్ విప్పండి. పైపులు కోసినప్పుడు రాలిన రబ్బరు తునక ఒకటి దాని సీటు మీద కూర్చుంటే డీజిల్ అంతా వెనక్కి తిరిగిపోతుంది. కడిగి పెడితే చాలు. కొంతమంది కారణం వెతక్కుండా స్ప్రింగు బిగించి అంకె పెంచుతారు. ఐడిలింగ్‌లో 20 దాటించి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు 6 చూసే బండ్లు ఇలాగే తయారవుతాయి. ఆ తర్వాత అనుమానించాల్సింది ఓవర్‌ఫ్లో వాల్వు. అది తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే డీజిల్ నిలవదు. ఊడదీసి, గేజీ ఉన్న గాలి గొట్టంతో నెమ్మదిగా ప్రెషర్ పెంచుతూ 14 దరిదాపుల్లో తెరుచుకుంటోందో లేదో చూడవచ్చు. చాలా ముందే గాలి వదిలేస్తే కొత్తది వేయాలి.

లక్షణం: ముల్లు ఎగిరెగిరి పడుతుంది, లేదా పావు ట్యాంకు దిగువన ప్రెషర్ పోతుంది

గాలి పట్టింది. పీల్చే వైపు వదులుగా ఉన్న క్లాంపు నుంచి డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల మీద చుక్క కనిపించదు. పంపు ముందు అడుగు పొడవున పారదర్శక గొట్టం పెడితే బుడగలు కనిపిస్తాయి. ఓ-రింగులు, క్లాంపులు మార్చండి.

పావు ట్యాంకు దగ్గరే మొదలైతే రెండు అనుమానాలు. కొత్త గొట్టం ట్యాంకు అడుగుకు చేరనంత పొట్టిగా కోసి ఉండవచ్చు. లేదా పంపు వదిలే రిటర్ను డీజిల్ పైనుంచి పడి నురగ లేపుతోంది, గొట్టం దాన్నే పీలుస్తోంది. రిటర్ను పైపును డీజిల్ మట్టం కిందకు దించి, పీల్చే చోటికి దూరంగా పెట్టాలి.

గడ్డకట్టే చలిలో మాత్రమే ప్రెషర్ పడుతుంటే డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూస్తోంది. శీతాకాలపు డీజిల్ పోయించి, ఫిల్టర్ మార్చండి.

ఇవన్నీ సరిచేసి 16 తెచ్చాక కూడా బండి ఈడ్చుకుపోతూ, కంప్యూటర్‌లో పి0216 అనే లోపం కోడు వస్తుంటే సరఫరాను మళ్లీ వెతకనవసరం లేదు. ఆ కోడు వీపీ44లోని టైమింగ్ భాగం అరిగిందని చెబుతుంది. డీజిల్ సరిగా అందినంత మాత్రాన అరిగింది తిరిగి రాదు, పంపు మార్చుకోవలసిందే. కొత్త వీపీ44 బిగించే ముందు పైపులన్నీ కడిగి, గేజీ పనిచేస్తోందని ఖాయం చేసుకోండి.