డ్యాష్‌బోర్డు మట్టానికి టచ్‌స్క్రీన్ బిగించడం ఎలా?

కంపెనీ స్టీరియో పీకేసి ఆ చోట టచ్‌స్క్రీన్ పెట్టుకున్న కార్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో సగానికి పైగా చూడలేం. స్క్రీన్ ఒక మూల లోపలికి దిగిపోయి, ఇంకో మూల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. చుట్టూ సందు ఒకచోట కాగితం పట్టేంత, మరోచోట వేలిగోరు దూరేంత. అది కనపడకుండా పైన అతికించిన ప్లాస్టిక్ ఫ్రేము ఒకటి. ఇన్ని అవకరాలకీ మూలం ఒక్కటే. ముందు కంత కోసేసి, తర్వాత స్క్రీన్‌ని అందులో ఇరికించాలని చూస్తారు. పని అటునుంచి ఇటు సాగాలి. స్క్రీన్ ఏ మట్టంలో, ఏ వాలులో నిలబడాలో ముందు ఖాయం చేసుకోండి. ఆ తర్వాత దాని చుట్టూ ప్యానెల్‌ని, అంటే డ్యాష్‌బోర్డులో స్టీరియో చుట్టూ ఉండే ప్లాస్టిక్ ముఖాన్ని, కట్టుకుంటూ రండి.

కావలసినవి

స్క్రీన్, వెర్నియర్ కాలిపర్, హాక్సా బ్లేడు, ఆకురాళ్లు, స్టీలు స్కేలు, 2 మి.మీ. ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటు, అసిటోన్, బాడీ ఫిల్లర్ (సొట్టలు పూడ్చే ముద్ద), దాన్ని గట్టిపరిచే హార్డెనర్, 80 నుంచి 400 నంబరు దాకా ఎమరీ కాగితాలు, చెక్క బ్లాకు, ఎం3 (3 మి.మీ. లావు) బోల్టులు, వాటి నట్లు, రబ్బరు వాషర్లు, అల్యూమినియం పట్టీ, ప్యాకింగ్ టేపు, ముక్కుకు మాస్కు. వీటితోపాటు మీ మోడల్‌దే పాత ప్యానెల్ ఇంకొకటి సంపాదించండి. కారుతో వచ్చిన అసలు ప్యానెల్ మీద రంపం పెట్టకూడదు. దాన్ని గుడ్డలో చుట్టి దాచేయండి.

స్క్రీన్ కెపాసిటివ్‌దే (ఫోన్‌లోలా వేలు తాకితే పనిచేసేది) తీసుకోండి. రెసిస్టివ్ స్క్రీన్ ఒత్తిడికి పనిచేస్తుంది, దాని అంచుని ఫ్రేము కాస్త నొక్కినా చాలు, ఎవరూ తాకకుండానే బటన్లు నొక్కుకుపోతాయి. వెలుగు సంగతి కూడా చూసుకోండి. గదిలో వాడే స్క్రీన్లు సాధారణంగా 250 నుంచి 350 నిట్స్ (వెలుగు కొలత) ఇస్తాయి, ఎండలో అవి నల్లపలకలే. 1000 నిట్స్‌కి దగ్గరగా ఉన్నది వెతకండి.

ప్యానెల్ విప్పడం

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఎయిర్‌బ్యాగ్ కోసం మీ కారు మాన్యువల్‌లో ఎంతసేపు ఆగమన్నారో అంతసేపూ ఆగండి. పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి స్క్రీన్ గానీ దాని వెనక బిగించే పట్టీ గానీ అడ్డం రాకూడదు. క్లిప్పుల్ని ప్లాస్టిక్ పనిముట్టుతోనే లేపండి, స్క్రూడ్రైవర్ పెడితే గాట్లు మిగులుతాయి.

ప్యానెల్ చేతికొచ్చాక వెనక్కి తిప్పి చూడండి. ఏ ప్లాస్టిక్కో అచ్చుపోసి ఉంటుంది. ఏబీఎస్ అనో, పీసీ (పాలీకార్బొనేట్), ఏబీఎస్ కలిపి అనో ఉంటే సంతోషం. పీపీ అని ఉంటే ఆ ప్యానెల్ పక్కన పెట్టేయండి. పాలీప్రొపిలీన్‌కి జిగురు గానీ ఫిల్లర్ గానీ సరిగా పట్టదు. నాలుగు ఎండలు తగిలేసరికి పొరగా లేచి వస్తుంది.

కంతని గాజు కంటే అన్ని వైపులా 3, 4 మి.మీ. పెద్దగా కోయండి. గీత మీద సరిగ్గా కోయాలని తాపత్రయపడక్కర్లేదు, అసలు అంచు తర్వాత కట్టుకుంటాం. మోటారు కట్టర్ వాడితే వేడికి ఏబీఎస్ కరిగి బ్లేడుకి చుట్టుకుంటుంది. హాక్సా బ్లేడుతో కోసి ఆకురాయితో సరిచేయడమే మేలు.

డమ్మీ, మట్టం, సందు: పనంతా ఇక్కడే

అసలు స్క్రీన్‌ని పెట్టి దాని చుట్టూ ఫిల్లర్ పూసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. దుమ్ము లోపలికి పోతుంది, రిబ్బన్ కేబుల్ తెగుతుంది, గాజు మీద గీతలు పడతాయి. 3 మి.మీ. యాక్రిలిక్ షీటుతో, స్క్రీన్ బదులు పెట్టుకోవడానికి ఒక డమ్మీ కోసుకోండి. మూలల గుండ్రం కూడా అసలు గాజుకి ఉన్నంతే ఉండాలి. కొలత కాగితం మీది అంకెలు నమ్మకుండా స్క్రీన్‌నే కాలిపర్‌తో కొలవండి. బొమ్మ కనిపించే భాగం వేరు, గాజు వేరు, వెనక ఉన్న రేకు పెట్టె వేరు. మనకి కావలసింది గాజు కొలత.

డమ్మీ గాజంత ఉంటే చాలదు. గాజుకీ అంచుకీ మధ్య సందు ఉండి తీరాలి. ఏబీఎస్ వేడికి, చలికి గాజు కంటే సుమారు 8 రెట్లు ఎక్కువగా పెరుగుతుంది, తరుగుతుంది. సందు లేకుండా గట్టిగా కూర్చోబెట్టిన గాజుని చలిలో ప్యానెల్ నలువైపులా పిండుతుంది. అప్పుడు టచ్ తిక్కతిక్కగా పనిచేస్తుంది, ఖర్మ కాలితే గాజే పగులుతుంది. నా లెక్క పక్కకి 0.5 మి.మీ. దానికి పైపూత మందం కూడా కలపాలి, ఎందుకంటే రంగైనా, పైన చుట్టే వినైల్ షీటైనా అంచు మలుపు తిరిగి సందులోకి దిగుతుంది.

ఉదాహరణకి గాజు 165 × 100 మి.మీ. అనుకుందాం. ప్రైమరూ రంగూ కలిపి 0.2 మి.మీ. అయితే పక్కకి 0.7 వదలాలి, డమ్మీ 166.4 × 101.4 అవుతుంది. 0.8 మి.మీ. వినైల్ చుట్టేట్టయితే పక్కకి 1.3, అప్పుడు డమ్మీ 167.6 × 102.6. ఈ లెక్క వేయనివాళ్లే చివర్లో రంగేసిన అంచుని ఆకురాయితో గీకుతూ కూర్చుంటారు.

ఇక మట్టం. అల్యూమినియం పట్టీలు రెండు వంచి ప్యానెల్ వెనక స్క్రూలతో బిగించండి. కారు బాడీకి బిగించకూడదు. ప్యానెల్ కదలిక వేరు, బాడీ కదలిక వేరు, రోజులు గడిచేకొద్దీ స్క్రీన్ మట్టం తప్పుతుంది. పట్టీలకి నాలుగు మూలలా ఎం3 బోల్టులు పెట్టి డమ్మీని వాటి మీద కూర్చోబెట్టండి. ఎం3 బోల్టు ఒక్క చుట్టుకి 0.5 మి.మీ. జరుగుతుంది. అంటే అర చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు. చేత్తో నొక్కిపెట్టి టేపేస్తే ఇంత ఖచ్చితంగా సరిచేయడం ఎవరి తరమూ కాదు. నాలుగు బోల్టుల పద్ధతి తప్ప ఇంకోటి నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

డమ్మీతో సహా ప్యానెల్‌ని కారులో పెట్టి, మీరు ఎప్పుడూ కూర్చునేలా డ్రైవర్ సీట్లో కూర్చుని చూడండి. వాలు ఇప్పుడే తేల్చుకోవాలి, ఫిల్లర్ పడ్డాక మార్చలేరు. కొన్ని చవక స్క్రీన్లు పైనుంచి చూస్తే బాగుంటాయి, కిందినుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. అసలు స్క్రీన్ వెలిగించి అదే కోణంలో పట్టుకుని ఒకసారి సరిచూసుకోండి.

గాజు చదును, డ్యాష్‌బోర్డు వంపు. వంపు మీద చదును పెడితే ఎక్కడో ఒకచోట ఎత్తుపల్లాలు తప్పవు. మూలలు కిందికి పోయి మధ్యలో కలవడం కంటే, మూలలు పైకి ఉండి ప్యానెల్‌ని వాటి దాకా లేపుకోవడమే మంచిది. లేపిన ఎత్తు 1 మి.మీ. అయితే వాలు పక్కకి కనీసం 20 మి.మీ. సాగాలి. అంతకన్నా కురచ చేస్తే గడ్డ కట్టినట్టు కనపడుతుంది.

ఆ ఎత్తునంతా ఫిల్లర్‌తో నింపకూడదు. ఫిల్లర్ అంచు పెళుసు, గోరు తగిలితే రాలుతుంది. ఏబీఎస్ పట్టీలు కోసి, అసిటోన్‌లో ఏబీఎస్ ముక్కలు నానేసిన ముద్దతో అతికించి అంచు కట్టండి. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ఫిల్లర్‌కి మిగలాల్సింది మిల్లీమీటరు, ఒకటిన్నర మాత్రమే.

ఇప్పుడు డమ్మీకి ముఖమూ అంచులూ మూసేలా ప్యాకింగ్ టేపు చుట్టండి, ఫిల్లర్ దానికి అంటుకోదు. ప్యానెల్‌ని 80 నంబరుతో గరుకు చేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అసిటోన్‌తో తుడిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. 100 గ్రాముల ఫిల్లర్‌కి హార్డెనర్ 2 గ్రాములు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే తర్వాత పగుళ్లు వస్తాయి, రంగులోంచి మరక కూడా ఊరుతుంది. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోండి. గీకితే సబ్బులా లేచే దశలో డమ్మీ మీద పడిన ఎక్కువ భాగాన్ని బ్లేడుతో తీసేయండి. డమ్మీని మాత్రం అప్పుడే లాగకండి.

చాలామంది చేయి జారేది సరిగ్గా ఇక్కడే. ఫిల్లర్ గట్టిపడగానే డమ్మీ తీసేసి రుద్దడం మొదలుపెడతారు. ఆసరా లేని అంచు రెండు నిమిషాల్లో గుండ్రబడుతుంది. తర్వాత స్క్రీన్ ఎంత మట్టంలో ఉన్నా చుట్టూ గాడి కనపడుతుంది, మట్టం తప్పినట్టే ఉంటుంది. డమ్మీ లోపలే ఉండగా, బ్లాకు మీద కాగితం చుట్టి, డమ్మీ మీదుగా ప్యానెల్ మీదికి ఒకే ఊపులో రుద్దండి. వేళ్లతో రుద్దకండి. డమ్మీ టేపు అరిగితే కొత్తది వేసుకోండి. 80, 180, 320 వరుసలో సాగండి. మధ్యలో నల్ల స్ప్రే పల్చగా చల్లి రుద్దితే పల్లాలు నల్లగా మిగిలి వాటంతటవే చూపిస్తాయి. చివర్లో స్టీలు స్కేలుని అంచు మీదుగా అడ్డంగా నిలబెట్టి వెనకనుంచి టార్చి వేయండి. స్కేలు కింద వెలుగు గీత కనిపించిన చోట పని మిగిలినట్టే. కళ్లు మూసుకుని వేలు జరిపి చూడండి, కంటికి దొరకని మెట్టు వేలికి దొరుకుతుంది.

ఫ్రేము ప్రింట్ చేసి అతికిస్తే పోదా?

పోదు. 3డి ప్రింటర్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు అది దాటిపోతుంది. ఏఎస్ఏ అనే ఇంకో ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే వేడికి ఆగుతుంది, ఆ మాట నిజమే. కానీ పైన అతికించిన ఫ్రేము అంటే మీరు కొత్తగా ఒక మెట్టు కట్టినట్టే, మట్టానికి బిగించినట్టు కాదు. వేడి జిగురు గురించి అడగనే అడగకండి.

రంగు, వైరింగు, బిగింపు

400 నంబరు తర్వాత ఏబీఎస్‌కి పనికొచ్చే ప్రైమర్, ఆపైన మెరుపు లేని నలుపు. మెరిసే రంగేస్తే రాత్రిళ్లు ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది, పగలు ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది.

కరెంటు ఏసీసీ లైను (తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే వైరు) నుంచి, తీసుకున్న చోటికి దగ్గరలోనే ఫ్యూజుతో. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 12 వోల్టులు 14.4 దాకా పోతాయి. స్క్రీన్‌కి 5 వోల్టులు కావాలంటే కార్లకోసం చేసిన కన్వర్టరే వాడండి. రిబ్బన్ కేబుల్‌ని మడతపెట్టకూడదు, గుండ్రంగా తిరగనివ్వాలి.

డమ్మీ తీసి అసలు స్క్రీన్‌ని వెనకనుంచి రబ్బరు వాషర్లతో కూర్చోబెట్టండి. రంగు వల్ల ప్యానెల్ 0.2 మి.మీ. లేచింది కదా, బోల్టుల్ని ఇంచుమించు అర చుట్టు ముందుకి తిప్పండి. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, వేలి బిగువు దాటకుండా బిగించండి. ప్యానెల్ కారులో పెట్టకముందే స్క్రీన్ వెలిగించి నాలుగు మూలలూ తాకి చూడండి. మూలలో టచ్ మొరాయిస్తే బోల్టు ఎక్కువ బిగిసినట్టు.

అన్నీ సరిగా ఉంటే ప్రతి నట్టు మీదుగా పట్టీ దాకా రంగుతో సన్నని గీత గీయండి. ఒక వారం గతుకుల మీద తిరిగాక ప్యానెల్ విప్పి ఆ గీతలు చూడండి. ఏ గీతైనా విరిగి ఉంటే ఆ నట్టు వదులైంది. దానికి థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, స్కేలుతో మట్టం మళ్లీ చూసుకుని బిగించండి.