మంచు దారిలో స్కీకి వెళ్లే ముందు బూట్లు చూసుకోండి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మంచు నేల మీద నిలవడం మొదలవగానే మన తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో స్కీ కబుర్లు మొదలవుతాయి. నేను చెప్పబోయేది కొండ మీద నుంచి దూసుకొచ్చే స్కీ గురించి కాదు. కాళ్లకు పొడుగాటి సన్నని పలకలు (స్కీలు) బిగించుకుని పార్కుల్లో, అడవి దారుల్లో కిలోమీటర్ల తరబడి జారుతూ సాగే క్రాస్ కంట్రీ స్కీ గురించి. దీనికి కొండపైకి చేర్చే లిఫ్టు టికెట్టు అక్కరలేదు, పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లవచ్చు. అందుకే చాలామంది దీన్ని వాహ్యాళి కింద జమకట్టి జీన్స్ ప్యాంటుతోనే బయలుదేరతారు. కొత్తవాళ్లందరికీ పడిపోతామన్న భయమే. చదును దారిలో మెత్తటి మంచు మీద పడితే చాలావరకు దులుపుకొని లేవవచ్చు. కారు 3 కిలోమీటర్ల దూరంలో ఉండగా కాలివేళ్లు మొద్దుబారితే మాత్రం దులుపుకొని లేచే దారి ఉండదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం బూట్ల గురించే చెబుతున్నాను.

ఈ స్కీలో బూటు ముందుకొస మాత్రమే స్కీకి బిగుసుకుంటుంది. మడమ వదులుగా ఉండి ప్రతి అడుగుకూ పైకి లేస్తుంది. అంటే ఒక్క పూటలో బూటు వేళ్ల మొదళ్ల దగ్గర కొన్ని వేలసార్లు వంగుతుంది. షాపులో కుర్చీలో కూర్చుని తొడుక్కున్నప్పుడు హాయిగా ఉన్న బూటే గంట తిరిగేసరికి మడమను ఒరిపి పొక్కులు లేపుతుంది. కాబట్టి కూర్చుని చూస్తే చాలదు. బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్లండి. పొద్దంతా నడిచిన పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. స్కీకి వేసుకోబోయే సాక్సులే వెంట తీసుకెళ్లండి. లేసులు పూర్తిగా బిగించి, ఒక కాలు ముందుకు వేసి, వెనక కాలి మడమ ఎత్తి మునివేళ్ల మీద బరువు మోపండి. బూటు వంగినచోట పడే మడత వేళ్ల కణుపుల మీద నొక్కుతుంటే ఆ బూటు అక్కడే వదిలేయండి. ‘వాడగా వాడగా మెత్తబడుతుంది’ అన్న మాట నమ్మవద్దు. మడమ బూటు లోపల పైకీ కిందికీ ఆడకూడదు, వేళ్లు మాత్రం స్వేచ్ఛగా ఆడాలి. పొడుగాటి వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. ఆ తర్వాత పావుగంట షాపంతా తిరగండి. ఎవరో చూస్తున్నారని మొహమాటపడితే ఆ బాధ చలికాలమంతా మీ కాళ్లే పడాలి.

చిన్నప్పుడు ఎక్కువగా చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో తిరిగిన మనలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. చాలా స్కీ బూట్లేమో అక్కడే సన్నగా ఉంటాయి. అప్పుడు అందరూ చేసే పని ఒక సైజు పెద్దది కొనడం. దానివల్ల వెడల్పు కాస్త కుదిరినా పొడవు ఎక్కువై మడమ జారుతుంది, బూటు వంగే చోటూ వేళ్లు వంగే చోటూ కలవవు. సైజు పెంచే బదులు కంపెనీ మార్చి చూడండి. స్లొవేనియాకు చెందిన అల్పినా బూట్లకు ముందు భాగం విశాలంగా ఉంటుందని పేరు. ఆడవాళ్ల బూట్లు ఇరుకనిపిస్తే మగవాళ్ల నమూనాలో చిన్న సైజు వేసుకుని చూడడంలో తప్పేమీ లేదు.

సాక్సుల విషయంలో మన తెలివి ఎదురు తిరుగుతుంది. చలి ఎక్కువని రెండు జతలు వేస్తే బూటు బిగిసి రక్తం వేళ్లదాకా సరిగా చేరదు. కాళ్లు ఇంకా చల్లబడతాయి. మడతలు పడి పొక్కులు వేరే. మధ్యరకం మందం ఉన్న ఊలు సాక్సులు ఒక్క జత చాలు. నూలు సాక్సులు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, అవి ఇంట్లోనే ఉంచండి. వేళ్లకు మరీ చలి వేసేవాళ్లు బూటు పైనుంచి తొడిగే కవరు కొనుక్కోవచ్చు. బూటులో చోటుంటే వేళ్ల దగ్గర వేడి ప్యాకెట్లు పెట్టుకోవచ్చు, లేనిచోట ఇరికించవద్దు.

పాత సామాను చవకగా దొరికిందని తొందరపడేవాళ్లు బూటు అడుగు తిరగేసి, అది స్కీకి బిగిసే రకం ఏదో చూడాలి. ఎన్‌ఎన్‌ఎన్ రకం బూట్లు ప్రోలింక్, టర్నమిక్ రకం బైండింగులకు (బూటును స్కీకి పట్టించే బిగింపులకు) కూడా సరిపోతాయి. పాత ఎస్‌ఎన్‌ఎస్ బూట్లు వాటిలో దేనికీ బిగవవు. 75 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కుతో, మూడు మేకులతో బిగించే అంతకన్నా పాతరకం పూర్తిగా వేరు. ఏళ్ల తరబడి గరాజులో పడి ఉన్న బూట్లకు ఇంకో జబ్బు ఉంది. పైకి కొత్తవాటిలా మెరుస్తూనే అడుగు అట్ట జిగురు వదిలేస్తుంది. అట్ట స్కీకి అంటుకుని, బూటు కాలితో వచ్చేస్తే మంచులో నడకే గతి. నన్నడిగితే మొదటి చలికాలం అద్దె సామానే మేలు. మినియాపొలిస్‌లో థియోడర్ విర్త్ పార్కులో, బ్లూమింగ్టన్‌లో హైలాండ్ లేక్ పార్కులో అద్దెకిస్తారు. సైజు కుదరకపోతే రెండోసారీ మూడోసారీ మార్పించుకోండి. గాడిలో సాగే క్లాసిక్ పద్ధతికి మెత్తగా వంగే బూటు కావాలి. కాళ్లు పక్కలకు తోస్తూ వెళ్లే స్కేటింగ్‌కు చీలమండను పట్టి ఉంచే గట్టి బూటు కావాలి. మొదట క్లాసిక్ నేర్చుకోండి.

ఒంటి మీద పొరలు పలచగా, విడివిడిగా ఉండాలి. బయలుదేరిన పది నిమిషాలకు చెమట పట్టిందంటే ఎక్కువ తొడిగినట్టే. ఆగి ఫొటోలు తీసుకునేటప్పుడు ఆ చెమటే వణికిస్తుంది. పొడి చేతితొడుగులు ఒక జత, వెచ్చటి జాకెట్టు ఒకటి సంచిలో ఉంచండి.

సంక్రాంతి దాటీ దాటకుండా వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ సెలవుకు చాలామంది బయలుదేరతారు. సరిగ్గా అప్పుడే చలి ముదిరి ఉంటుంది. ఫోనులో ఉష్ణోగ్రత ఒక్కటే కాక గాలి కూడా చూడండి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 28 లెక్క. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీలకే మైనస్ 20 హద్దు. సరదాకు వెళ్లే మనం మైనస్ 15 దగ్గరే ఇంట్లో కూర్చుంటే నామోషీ ఏమీ లేదు. పొద్దు కూడా చూసుకోండి. డిసెంబరు చివర ఇక్కడ సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యాస్తమయం. పిల్లలతో వెళ్తే మధ్యాహ్నం మూడింటికల్లా కారు దగ్గర ఉండాలి. చలికి ఫోను బ్యాటరీ చప్పున పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో పెట్టుకోండి.

గడ్డకట్టిన చెరువు అడ్డదారిగా కనిపించి ఆశపెడుతుంది. మనిషి నడవాలన్నా కొత్తగా గట్టిపడిన, తేటగా ఉన్న మంచుగడ్డ కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. పైన పేరుకున్న మంచు లోపలి గడ్డను కనపడనివ్వదు, అది మందపడడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. కొత్తవాళ్లు చెరువు జోలికి పోకపోవడమే మంచిది. ఇక దారుల మర్యాద సంగతి: యంత్రంతో వేసిన గాడుల్లో కాళ్లతో నడవకండి, వాలు దిగి వచ్చేవారికి దారి ఇవ్వండి. రాష్ట్ర పార్కుల స్కీ దారులకు 16 ఏళ్లు నిండినవారికి పాసు తప్పనిసరి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తుంటే షుగరు, గుండె జబ్బు సంగతి ముందే ఆలోచించండి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి బూటు కొరికినా, వేళ్లు చల్లబడినా తెలియదు. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా చలిలో ఇంత శ్రమ చేయకూడదు. ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ లోపలి జేబులో ఉంచుకుని, నోటికి మఫ్లరు చుట్టుకోవాలి.

కాలివేళ్లు నొప్పి పుట్టి, తర్వాత ఆ నొప్పి తెలియకుండా పోయిందంటే తగ్గిందని సంబరపడవద్దు, అది ముదిరిందని గుర్తు. వెంటనే వెనక్కి తిరగండి. వేళ్లు పాలిపోయి మైనంలా గట్టిగా ఉంటే రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. స్పర్శ లేని కాలికి వేడి ఎంతో తెలియదు కాబట్టి హీటరు ముందో మంట ముందో పెట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. చేరడం ఆలస్యమయ్యేట్టుంటే వెచ్చటి గదిలో 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఉంచాలి, అదీ మళ్లీ చలికి గడ్డకట్టే ప్రమాదం లేదనుకుంటేనే.

ఇంటికి రాగానే బూట్ల లోపలి అట్టలు తీసి, పాత పత్రికల కాగితాలు కూరి, గదిలో ఒక మూల ఆరనివ్వండి. హీటరుకు ఆనించి పెడితే అడుగు అట్ట జిగురు వదులుతుంది. కాగితం తడిస్తే మార్చండి. మర్నాడు మళ్లీ వెళ్లాలనుకుంటే పడుకోబోయే ముందు ఇంకోసారి మార్చండి.