బోర్డో రెడ్ వైన్, 3వ పాఠం: పాత సీసా తెరవడం

పోయిన పాఠంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో భాగమైన మెడాక్ గులకరాళ్ల నేల గురించి, అక్కడ బాగా పండే కాబర్నే సోవిన్యాన్ ద్రాక్ష గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ ప్రాంతంలోనే పోయాక్ ఊరి వైన్, 20 ఏళ్ల నాటి సీసా, మీ ముందు ఉందనుకోండి. దాన్ని తొందరపడి తెరవకండి. అన్నేళ్లు ఓపిక పట్టిన వైన్‌ని చివరి అరగంటలో పాడుచేసుకోవడం చాలా తేలిక.

ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి, 225 లీటర్ల ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి వగరునిచ్చే టానిన్ అనే పదార్థం చేరుతుంది. కొత్త మెడాక్ తాగితే పాలు కలపని కడక్ టీ తాగినట్టు చిగుళ్లు వగరుతో పట్టేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. వాటిలో కొంత భాగం రంగుతో పాటు అడుగుకు చేరుతుంది. సీసాలో కనిపించే మడ్డి అదే. మడ్డి ఉంటే వైన్ పాడైనట్టు కాదు. వగరు మెత్తబడుతుంది, పండు వాసన వెనక్కి తగ్గి దేవదారు చెక్క, పొగాకు, తడిమట్టి వాసనలు పైకొస్తాయి.

అన్ని సీసాలూ ఇలా మారవు. బోర్డోలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం కొన్నేళ్లలోనే తాగేయాల్సింది. 1855లో ప్యారిస్ ప్రదర్శన కోసం మెడాక్ షాటోలను, అంటే సొంత తోటల్లో వైన్ చేసే ఎస్టేట్లను, అప్పటి ధరలను బట్టి 5 తరగతులుగా విభజించారు. ఆ జాబితా నేటికీ చెల్లుతోంది. దాన్ని గౌరవించండి, కానీ లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి. 2010 పంట దశాబ్దాలు నిలిచే బలం ఉన్నది. చలితో, వానలతో దెబ్బతిన్న 2013 పంటకు ఎంత పేరున్న షాటోలోనైనా అంత ఆయుష్షు లేదు.

నిలవ విషయం సూటిగా చెబుతాను. 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. కార్క్ ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో బీరువా అడుగున దాచిన సీసా కొన్ని వేసవులకే ఉడికిపోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే ఏళ్ల తరబడి దాచే ఆలోచన మానుకుని, కొన్నది త్వరగా తాగేయడమే మంచిది.

ఇక తెరవడం. ముందురోజే సీసాను నిలబెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. మూతిని కప్పిన రేకును అంచు కింద కోయండి. పాత కార్క్ పొడిపొడి అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి మరమేకు కన్నా రెండు పక్కలా జారే రేకుల ఓపెనర్ మేలు. మెల్లగా తిప్పుతూ లాగండి. మూతి తుడిచి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం. ఎంతసేపు గాలి తగిలినా పోదు.

డికాంటర్‌లోకి, అంటే వైన్ వంపుకునే గాజు కూజాలోకి, వంచేటప్పుడు సీసా మెడ కింద కొవ్వొత్తి గానీ ఫోన్ టార్చ్ గానీ ఉంచండి. ఒకే ధారగా, నింపాదిగా పోయాలి. మధ్యలో ఆపి సీసాను నిలబెడితే మడ్డి మళ్లీ లేస్తుంది. మొదట వెలుగులో ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. చివర్లో సీసా భుజం దగ్గర సన్నటి నల్లచార కదులుతుంది. అది మెడలోకి రాకముందే ఆపేయండి. అడుగున మిగిలిన కాస్త వైన్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పాత వైన్‌ను వెంటనే గ్లాసుల్లో పోయాలి, దాని వాసనలు ఎక్కువసేపు నిలవవు. కొత్త మెడాక్‌కి మాత్రం డికాంటర్‌లో గంటో రెండు గంటలో గాలి తగలనివ్వండి.

రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశపు ఇళ్లలో పుట్టింది. మన 30 డిగ్రీల గదిలో అలా తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. 16 డిగ్రీల దగ్గర పోయండి, గ్లాసులో అదే 18కి చేరుతుంది.

గ్లాసులో మూడో వంతుకి మించి పోయకండి. తెల్లకాగితం మీద వంచి అంచు చూడండి: ఊదారంగు ఉంటే వయసు తక్కువ, ఇటుక రంగు తిరిగితే పండిన వైన్. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. గుటక వేశాక రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి.

ఈ వారం అభ్యాసం: ఇటీవలి సంవత్సరపు మామూలు మెడాక్ సీసా ఒకటి కొనండి. తెరవగానే ఒక గ్లాసు, డికాంటర్‌లో 2 గంటలు ఉంచాక మరో గ్లాసు రుచి చూసి, వగరులో వచ్చిన తేడాను రాసిపెట్టుకోండి. పోయాక్ గొర్రెపిల్ల మాంసంతో ఈ వైన్ ఎందుకు కుదురుతుందో చెప్పుకునే 4వ పాఠంలో ఆ రాతలు కావాలి.