అణు కేంద్రాల కాపలా ఉద్యోగం: బరంపురం పిల్లలకు ఒక రిటైర్డ్ ఎస్సై మాట

కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్‌లో సబ్-ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఒడిశాలోని మన బరంపురం వచ్చేశాను. సర్వీసులో ఎక్కువ కాలం అణుశక్తి శాఖ యూనిట్లలోనే గడిచింది. ఏ యూనిట్, ఏ గేటు అని అడక్కండి, ఇందులో ఎక్కడా రాయను. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేసే మన తెలుగు కుర్రాళ్ళు, ఈమధ్య ఆడపిల్లలు కూడా, "బాబాయ్, రియాక్టర్ దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడడమేనా? రేడియేషన్ కొట్టదా? జీతం ఎంతొస్తుంది?" అని అడుగుతుంటారు. మూడింటికీ జవాబు చెబుతాను గానీ, ముందు కాపలా దేనికో తెలియాలి.

అణు కేంద్రంలో యంత్రం చెడిపోకుండా, పనిచేసేవాడికి రేడియేషన్ డోసు ఎక్కకుండా చూసేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు సేఫ్టీ విభాగం. కావాలని దొంగిలించడానికో, పాడుచేయడానికో వచ్చేవాణ్ణి ఆపడం మన వంతు. కాపాడేది యురేనియం, ప్లుటోనియం మాత్రమే కాదు. క్యాన్సర్ ఆసుపత్రిలోని కోబాల్ట్ యంత్రం, పైపులైను వెల్డింగులు పరీక్షించే ఇరిడియం కెమెరా, ప్లాంటు కంప్యూటర్లు, డ్రాయింగులు, ఏ లారీ ఎప్పుడు బయల్దేరుతుందన్న సమాచారం, అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇదంతా ముంబయిలోనో కల్పాక్కంలోనో జరిగే వ్యవహారం అనుకోకండి. మన పక్కనే ఛత్రపురంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ప్లాంటు 1986 నుంచి నడుస్తోంది. గంజాం తీరపు ఇసుకలోంచి ఇల్మెనైట్, జిర్కాన్, గార్నెట్‌తో పాటు మోనజైట్ తీస్తారు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, కొద్దిగా యురేనియం కూడా. అందుకే దాన్ని ఎవరు పడితే వాళ్ళు తవ్వి అమ్ముకోవడానికి వీల్లేదు. ఒడిశాలోనే తాల్చేర్‌లో హెవీ వాటర్ బోర్డు ప్లాంటు ఉంది. అటు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతోంది. దాన్ని నమ్ముకుని మాత్రం వయసు దాటబెట్టుకోకండి.

కాపలా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 2010 ఏప్రిల్ నాటి ఢిల్లీ మాయాపురి సంగతి చదవండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో 1985 నుంచి వాడకుండా పడున్న ఒక గామా యంత్రాన్ని వేలంలో పాత సామాన్ల కింద అమ్మేశారు. అందులో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 (ఇలాంటిదాన్నే మేం సోర్స్ అంటాం) ఉందని కొన్నవాడికి తెలియదు. తుక్కు దుకాణంలో సీసం కోసం దాన్ని కోశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ దొంగ లేడు, టెర్రరిస్టు లేడు. రిజిస్టర్‌లో ఆ యంత్రం పేరు పక్కన "ఇందులో సోర్స్ ఉంది, తిరిగి పంపాలి" అని రాసి, ఏడాదికోసారి దాన్ని తనిఖీ చేసే మనిషి లేడు, అంతే. ఈ ఉద్యోగంలో తుపాకీ కంటే రిజిస్టర్ పెద్దదని నేననేది అందుకే.

గేటు దగ్గర ఏం జరుగుతుంది

బయటికి తెలిసిన సంగతులే చెబుతాను. షిఫ్టుకి ముందు కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఆయుధం తీసుకుని, నంబరు చూసి సంతకం పెడతారు. బ్రీఫింగ్ అవుతుంది. తర్వాత గేటు, వాచ్ టవర్, కంచె వెంట పెట్రోలింగ్, కెమెరాల కంట్రోల్ రూమ్, క్యూఆర్‌టీ (అలారం మోగగానే ఉరికే దళం), ఎస్కార్ట్, వీటిలో ఏదో ఒకటి. లోపలికి వెళ్ళేవాడి పాస్, ముఖం రెండూ కలవాలి. ఫోన్ బయటే డిపాజిట్. బండి కిందికి అద్దం పెట్టి చూస్తారు. చాలామందికి తెలియనిదేమిటంటే, లోపలికి వచ్చేవాడి కంటే బయటికి వెళ్ళేవాడి దగ్గరే తనిఖీ గట్టిగా ఉంటుంది. బయటికెళ్ళే దారిలో రేడియేషన్ పసిగట్టే పోర్టల్ మానిటర్ ఉంటుంది. ఈ రకం పరికరాలు హైదరాబాదులోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తయారుచేస్తుంది. ఆమధ్యే న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ చేయించుకుని వచ్చిన మనిషి దాటినా అది మోగుతుంది. అప్పుడు ఆయన్ని దొంగలా చూడకుండా, అలాగని వదిలెయ్యకుండా, పక్కన కూర్చోబెట్టి రేడియేషన్ కొలిచి చూసే హెల్త్ ఫిజిక్స్ వాళ్ళని పిలవాలి. ఈ మర్యాద ట్రైనింగ్‌లో కొంతే వస్తుంది, మిగతాది మీ ఇంట్లో నేర్పి ఉండాలి.

మొత్తం ఏర్పాటు మూడు మాటల మీద నిలబడుతుంది: కనిపెట్టు, ఆలస్యం చేయించు, అడ్డుకో. కంచె మనిషిని ఆపదు, కొంతసేపు ఆలస్యం చేయిస్తుంది. ఆ కొంతసేపట్లో క్యూఆర్‌టీ చేరుకోవాలి. కాబట్టి అలారం మోగిన వెంటనే కనిపెట్టకపోతే ఎంత ఎత్తు కంచె కట్టినా దండగే. 2012 జూలైలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ వై-12 కేంద్రంలోకి 82 ఏళ్ళ సన్యాసిని మెగన్ రైస్, మరో ఇద్దరు కలిసి కంచెలు కత్తిరించుకుని శుద్ధి చేసిన యురేనియం దాచే భవనం దాకా నడిచి వెళ్ళారు. వాళ్ళు యుద్ధ వ్యతిరేకులు, నినాదాలు రాయడానికి వచ్చారు. అలారాలు మోగకపోలేదు. ఊరికే మోగే అలారాలకి కాపలావాళ్ళు అలవాటుపడిపోయారు, కొన్ని కెమెరాలు పనిచెయ్యడం లేదు. మనకి అలారం కంచె మీద కోతి ఎక్కినా మోగుతుంది, గాలివానకీ మోగుతుంది. ప్రతిసారీ లేచి వెళ్ళి చూసి, టైము రాసి, కారణం రాయాలి. రాత్రి షిఫ్టులో వందోసారి కూడా లేచే మనిషే కావాలి. ఏళ్ళ తరబడి ఏమీ జరగని ఉద్యోగం ఇది. అది మీ ఒంటికి పడదనుకుంటే ఇప్పుడే వేరే దారి చూసుకోవడం మంచిది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంకో కష్టం, అడ్డుకోవాల్సినవాడు కొన్నిసార్లు లోపలి మనిషే అవుతాడు. అందుకే ముఖ్యమైన గదిలోకి ఒంటరిగా ఎవరినీ పంపరు, కనీసం ఇద్దరుండాలి. పెద్ద ఆఫీసరైనా మెటీరియల్ గేట్ పాస్ మీద సంతకం తేడా ఉంటే ఆపాల్సిందే. "నన్నెరగవా?" అంటాడు. "ఎరుగుదును సార్, పాస్ సరిచేయించండి" అనాలి.

ఏ చదువుకి ఏ తలుపు

పది పాసైనవాళ్ళకి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వేసే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్ష ఉంది. మామూలుగా వయసు 18 నుంచి 23, ఓబీసీలకు మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ళు సడలింపు. ఎత్తు మగవాళ్ళకి 170 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 157. ఎస్టీలకి 162.5, 150. రాయగడ, గజపతి వైపు సవర, జాతాపు పిల్లలు ఎత్తు చాలదని ముందే మానేస్తుంటారు, ఈ లెక్క వాళ్ళకి చెప్పండి. మగవాళ్ళు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, ఆడవాళ్ళు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. 2024 నుంచి పరీక్ష తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లలు ఏది ఎంచుకోవాలంటే, లెక్కలు ఏ భాషలో చదివారో అదే.

ఒకే పరీక్షతో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివాటికి కూడా తీసుకుంటారు కాబట్టి ప్రాధాన్యంలో సీఐఎస్‌ఎఫ్‌ని మొదట పెట్టండి. చేరాక కూడా అణు యూనిటే రావాలని లేదు. విమానాశ్రయం రావొచ్చు, స్టీల్ ప్లాంటు రావొచ్చు. డిగ్రీ ఉంటే ఎస్సై పరీక్ష రాయండి, వయసు 20 నుంచి 25. అదే వయసు పరిధిలో యూపీఎస్సీ అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షా ఉంది. ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనం కానిస్టేబుల్‌కి 21,700, ఎస్సైకి 35,400, అసిస్టెంట్ కమాండెంట్‌కి 56,100 రూపాయలు. డీఏ, మిగతా అలవెన్సులు దానిపైన. కేవలం ఆడవాళ్ళతో సీఐఎస్‌ఎఫ్ బెటాలియన్‌కి 2024 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది కూడా. అణుశక్తి శాఖకి సొంత సెక్యూరిటీ గార్డులు, అసిస్టెంట్ సెక్యూరిటీ ఆఫీసర్లు వేరే ఉంటారు. ఆ నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడు పట్టుకోవాలి.

ఫిజిక్స్ చదివేవాళ్ళ దారి వేరు, నన్నడిగితే అదే మెరుగు. మా అన్నయ్య కూతురు భంజవిహార్‌లో, అంటే బరంపురం విశ్వవిద్యాలయంలో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చదివింది. ఇప్పుడొక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్. సోర్స్ గదికి తాళాలు ఎవరి దగ్గరున్నాయి, లోపలికి ఎవరెళ్ళారు, పాత సోర్స్ తిరిగి పంపారా, అణుశక్తి నియంత్రణ మండలికి సెక్యూరిటీ ప్లాన్ ఇచ్చారా, అన్నీ ఆ పిల్ల చూసుకోవాలి. లైసెన్సులన్నీ ఆ మండలి ఈ-లోరా అనే వెబ్‌సైట్‌లో నడుస్తాయి. ఇంటర్ సైన్స్‌తో ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ కోర్సు చేసినవాళ్ళకీ ఈ బాధ్యతలో పాలుంది. ఇరిడియం-192 రేడియేషన్ సగం తగ్గడానికి 74 రోజులు పడుతుంది. సగం తగ్గాక కూడా అది ప్రమాదమే, కాబట్టి కెమెరా పోతే ప్రాణాల మీదకొస్తుంది. సైటు నుంచి సైటుకి తిరిగేటప్పుడు దాన్ని జీపులో వదిలేసి టీ తాగడానికి వెళ్ళే అలవాటున్నవాడు ఈ పనికి పనికిరాడు.

ఇంజనీరింగ్ వాళ్ళకి బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది, 1957 నుంచి నడుస్తోంది. ఇంజనీరింగ్ వాళ్ళు రాసే గేట్ పరీక్ష స్కోరుతోనో, బార్క్ సొంత పరీక్షతోనో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు. కంప్యూటర్ పిల్లలకి కూడా చోటుంది. 2019లో కూడంకుళం కేంద్రం అడ్మినిస్ట్రేషన్ నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ చొరబడింది. రియాక్టర్ నడిపే వ్యవస్థ దానితో కలిసిలేదు కాబట్టి బతికిపోయాం. ఆ రెంటినీ కలవకుండా ఉంచడం కొందరికి పూర్తికాలపు ఉద్యోగం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వెబ్‌సైట్‌లో న్యూక్లియర్ సెక్యూరిటీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లీషులో. ఈ రంగంలో పీజీ చేసే ఆడపిల్లలకి ఆ సంస్థ మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్ ఇస్తుంది.

రేడియేషన్ భయం గురించి, ముఖ్యంగా అమ్మలకి. రేడియేషన్ చోట పనిచేసేవాళ్ళు ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ మీద పెట్టుకుంటారు, దాన్ని మూణ్ణెల్లకోసారి చదివి డోసు రాస్తారు. మన దేశంలో పరిమితి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసుని కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గేటు దగ్గరుండే జవానుకి ఆ పరిమితికి చాలా దూరం. నాకు రాత్రి షిఫ్టుల వల్ల బీపీ వచ్చింది గానీ రేడియేషన్ వల్ల ఏమీ రాలేదు.

మనకి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

ఇది సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళ తలనొప్పి, పరీక్ష పాసై కూడా ఇక్కడే చాలామంది తడబడతారు. జీడీ కానిస్టేబుల్ ఖాళీలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. మీరు ఒడిశా నివాసి అయితే ఒడిశా తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రం చూపాలి. అటు ఇచ్ఛాపురంలో తాతగారి ఇల్లుందని ఆంధ్రా అని రాసి, కాగితాలన్నీ ఒడిశావి పెడితే వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. నోటిఫికేషన్‌లో సరిహద్దు జిల్లాలకి కొన్ని పోస్టులని కనిపిస్తే సంబరపడకండి, అది దేశ సరిహద్దు, మన ఇచ్ఛాపురం చెక్‌పోస్టు కాదు.

కులం కాగితం ఇంకా పెద్ద గొడవ. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకి ఇచ్చే ఎస్‌ఈబీసీ (వెనుకబడిన తరగతుల) సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగానికి చెల్లదు, కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీయించాలి. కేంద్ర ఓబీసీ జాబితా కూడా రాష్ట్రానికొకటి. ఆంధ్రాలో ఉన్న మీ కులం ఒడిశా జాబితాలో ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే కేటగిరీ నింపండి.

పేరు సంగతి కూడా చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా బళ్ళో దాన్ని చివర పెడతారు, లేదా ఎగరగొట్టి "రావు"ని ఇంటిపేరు చేస్తారు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. దీన్ని ఇవాళే మొదలుపెట్టండి, నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ సెంటర్ దగ్గర క్యూ చూస్తే టెన్షన్ తప్ప పని జరగదు.

పోలీసు వెరిఫికేషన్‌లో ఏదీ దాచకండి. కొట్టివేసిన కేసైనా ఫారంలో అడిగితే రాయాలి. కేసు కంటే దాచడమే ఉద్యోగం పోగొడుతుంది. అప్పుల్లో మునిగినవాణ్ణి డబ్బుతో లొంగదీయడం తేలిక కాబట్టి బెట్టింగ్ యాప్‌లున్న ఫోన్ కుర్రాళ్ళని నేను గ్రౌండ్‌లోనే తిడుతుంటాను. సెలెక్టయ్యాక యూనిఫాంలో గేటు ముందు ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టడం కూడా కుదరదు. పెళ్ళి సంబంధాలవాళ్ళు పోస్టింగ్ ఎక్కడని అడిగితే ఊరు చెప్పండి, డ్యూటీ సంగతులు మాత్రం వద్దు.