ఇంటర్నెట్ టెలిఫోనీ సొంతంగా నేర్చుకుందాం – 6వ పాఠం: 525 దగ్గర ఆగిన సర్వర్లు

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. ఇంటర్నెట్ కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సర్వర్ మీదికి, పరీక్ష కాల్స్ పుట్టించే సిప్‌పీ అనే ప్రోగ్రామ్‌తో కాల్స్ పంపండి, మాట తెగడం మొదలయ్యే దాకా సంఖ్య పెంచుతూ పొండి అన్నాను. ఉత్తరాలు వచ్చాయి. కందుకూరు పాఠకుడికి పాత రెండు కోర్ల కంప్యూటర్ మీద ఒకేసారి నడిచే కాల్స్ 518 వచ్చాయి. నెల్లూరులో చదువుకుంటున్న ఒక ఇంజినీరింగ్ విద్యార్థినికి ఎనిమిది కోర్ల కొత్త యంత్రం మీద 521. ఒంగోలు నుంచి రాసినాయనకు 515. మార్కాపురం పాఠకుడు ఒక్కరే 250 దాటలేకపోయారు. ఆయన తెరిచి ఉంచగల ఫైళ్ల పరిమితిని 1024 దగ్గరే వదిలేశారు. నాలుగో పాఠానికి వెళ్లి ఆ పని ముగించుకొని రావాలి.

మిగతా మూడు అంకెలే నన్ను కలవరపెట్టాయి. రెండు కోర్ల యంత్రమూ ఎనిమిది కోర్ల యంత్రమూ ఒకే చోట ఎలా చతికిలబడతాయి? నెల్లూరు విద్యార్థిని పంపిన పట్టిక చూస్తే ప్రాసెసర్ వాడకం 20 శాతం కూడా దాటలేదు. సర్వర్‌కు అలసట రాకముందే కాల్స్ తెగాయి. అంటే మీరు ఇన్ని గంటలు కూర్చొని కొలిచింది సర్వర్‌ను కాదు, మరొకదాన్ని. ఈ పొరపాటుకు కారణం నా పాఠమే. స్విచ్ గురించీ తీగ గురించీ అందులో ఒక్క మాట రాయలేదు. ఈసారి చెప్పాలనుకున్న రిజిస్ట్రేషన్ల (ఫోన్లు సర్వర్ దగ్గర పేరు నమోదు చేసుకోవడం) పరీక్షను పక్కన పెట్టి, ముందు ఇది సరిచేద్దాం.

కాగితం తీసుకోండి. గొంతును అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 కోడెక్ 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కో దానిలో గొంతు 160 బైట్లు. దాని మీద, ప్యాకెట్‌ను గమ్యానికి చేర్చే తొడుగులు: ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20. ఈథర్‌నెట్ తొడుగు మరో 18. ఇక్కడితో ఆపేస్తే 218 అవుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ తీగ మీద ఇలా తొడిగిన ప్రతి ప్యాకెట్‌కూ, అంటే ఫ్రేముకూ, ముందు అది వస్తోందని చెప్పే 8 బైట్ల ప్రియాంబుల్, వెనక 12 బైట్ల ఖాళీ తప్పవు. మొత్తం 238. దాన్ని 8తో, 50తో గుణిస్తే సెకనుకు 95,200 బిట్లు. ఇది ఒక గొంతు, ఒక దిశలో. సర్వర్ నడుమ కూర్చుంటుంది కాబట్టి ఒక్కో కాల్‌కు పిలిచినవారి గొంతూ పలికినవారి గొంతూ రెండూ దాని తీగలోకి వస్తాయి, రెండూ బయటికి పోతాయి. కాబట్టి ఒక్కో దిశలో 1,90,400 బిట్లు. 100 మెగాబిట్ల తీగను దీనితో భాగించండి. 525 వస్తుంది. కాల్ కలిపే, ముగించే సందేశాలకు, అంటే సిగ్నలింగ్‌కు, కాస్త పోతే మిగిలేది మీరు పంపిన అంకెలే.

కావలి నుంచి వచ్చిన ఉత్తరం దీన్ని ఇంకా గట్టిపరిచింది. ఆయనకు 1040 వచ్చి సంబరపడ్డారు. అవతలి వైపు, వచ్చిన గొంతును తిరిగి పంపే ఆర్‌టీపీ ఎకో పెట్టడం మరిచారు. ఒక్కరే మాట్లాడారు, రెండోవారు మౌనం. సగం బరువు మోయించి రెట్టింపు బలం ఉందనుకున్నారు.

సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు పడతాయి. మీ పొలం గట్టున ఉన్న తూము దగ్గర నిలబడి నీళ్లు కొలిస్తే తెలిసేది తూము వెడల్పే, జలాశయం సంగతి కాదు. మీ పరీక్షలో 100 మెగాబిట్ల స్విచ్చే ఆ తూము.

‘నా స్విచ్ మీద గిగాబిట్ అని రాసి ఉంది’ అని ఒంగోలు పాఠకుడు పట్టుబట్టారు. ఆయన దగ్గర స్విచ్‌ది కాదు తప్పు, తీగది. 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. గిగాబిట్‌కు నీలం, గోధుమ జతలు కూడా కావాలి, నాలుగూ పలకాలి. తీగ చివరి ప్లగ్గును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. ఎనిమిది రాగి కొనలూ ప్లాస్టిక్ అంచును తాకుతున్నాయా? ఆయన తీగలో నీలం పోగు ఒకటి వెంట్రుకవాసి వెనకే ఆగిపోయి ఉంది. అలాంటప్పుడు చాలా నెట్‌వర్క్ కార్డులు ఫిర్యాదు చేయకుండా 100కు దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, పింగ్ పలుకుతూనే ఉంటుంది. అందుకే దీపాన్ని నమ్మవద్దు. పిలిచేది, సర్వర్, పలికేది అనే మూడు యంత్రాల మీదా ఈథ్‌టూల్ అనే ఆదేశం నడిపి వేగం 1000 అని కళ్లారా చూడండి. తర్వాత ఐపెర్ఫ్‌తో రెండేసి యంత్రాల మధ్య ఒక నిమిషం నీళ్లు వదిలినట్టు డేటా వదిలి చూడండి. నేనైతే అచ్చు పోసి వచ్చే రెడీమేడ్ తీగలే వాడతాను, పరీక్ష కోసం చేత్తో ప్లగ్గు బిగించను.

ఇక అమరిక. పిలిచే యంత్రం, సర్వర్, పలికే యంత్రం, ఒక గిగాబిట్ స్విచ్. అంతే. వైఫై వద్దు, ఇంటి రౌటర్‌కు ముడిపెట్టవద్దు. పిలిచేదీ సర్వరూ ఒకే యంత్రంలో ఉండకూడదు, ప్రాసెసర్ ఎవరు తిన్నారో తేలదు. చిరునామాలు 198.18తో మొదలుపెట్టండి. 198.18.0.0 నుంచి 198.19.255.255 వరకు ఉన్న వరుసను ఇలాంటి కొలతల కోసమే కేటాయించారు. తీగ పొరపాటున ఎక్కడైనా తగిలినా ఇంట్లో, ఆఫీసులో ఉన్న చిరునామాలతో గొడవ పడదు. చిరునామాలు చేత్తోనే ఇవ్వండి. ఆస్టరిస్క్‌లో డైరెక్ట్ మీడియా ఆపేయండి, లేకపోతే గొంతును సర్వర్ తప్పించి పంపేందుకు ప్రయత్నిస్తుంది.

సర్వర్‌ను కలపకముందే పిలిచే యంత్రం నుంచి పలికే యంత్రానికి నేరుగా కాల్స్ పంపి చూడండి. ఆ జంట 1,500 కాల్స్ మోయలేకపోతే దానితో సర్వర్‌ను 1,500కు పరీక్షించలేరు. పిలిచేది ల్యాప్‌టాప్ అయితే మరీ జాగ్రత్త. మే నెల మధ్యాహ్నం అది వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నేను ఈ పరీక్షలు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతాను.

సిప్‌పీలో కాల్ ఎంతసేపు నడవాలో చెప్పే డీ విలువ మిల్లీసెకన్లలో ఉంటుంది. మూడు నిమిషాలకు 180 కాదు, 1,80,000. సెకనుకు 5 కాల్స్, ఒక్కోటి 180 సెకన్లు అయితే ఒకేసారి నడిచేవి 900. ఆ 900 నిండడానికే మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి అంతవరకు ఏ అంకే రాసుకోవద్దు. తెర మీద రీట్రాన్స్‌మిషన్ల (మళ్లీ పంపిన సందేశాల) గడిని కనిపెట్టి ఉండండి. కాల్ కోరే సందేశమైన ఇన్వైట్‌కు జవాబు రాకపోతే దాన్ని అర సెకనులో మళ్లీ పంపుతారు. కాల్ తెగకముందే ఆ గడి కదులుతుంది.

తీగలు సరిచేసుకున్నాక తదుపరి అడ్డుగోడ 2,500 దగ్గర ఉంటుంది. ఆస్టరిస్క్ గొంతుకు కేటాయించే పోర్టులు 10000 నుంచి 20000 వరకు, ఒక్కో కాల్‌కు నాలుగు కావాలి. అక్కడికి చేరేవారు ముందే ఆ హద్దు పెంచుకోండి.

అభ్యాసం: సెకనుకు 5 కాల్స్‌తో గంటసేపు, ఐదుసార్లు నడపండి. ప్రతిసారీ సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత సర్వర్ తీగను కావాలని రెండు జతల తీగతో మార్చండి. ఈసారి గొంతును ఇంకా చిన్నగా కుదించే జీ.729 కోడెక్‌తో, ఆగేదాకా కాల్స్ పెంచుతూ నడపండి. అయితే నడపడానికి ముందే, జీ.729 వాడితే ఎన్ని కాల్స్ దగ్గర ఆగుతుందో లెక్కగట్టి కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి. అందులో గొంతు 160 బదులు 20 బైట్లే, మిగతా తొడుగులన్నీ అవే. ఉత్తరంలో లెక్కా కొలతా రెండూ పంపండి. మూడు యంత్రాల మీదా ఈథ్‌టూల్ చూపిన వేగం కూడా రాయండి. అది లేని అంకెను పట్టికలో చేర్చను.